చప్పట్లు కొట్టే పిలకాయలకు ఏమిద్దాం?

(ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల గిరిజన కాలనీల్లో సాయంత్రం పూట పిల్లలకు చదువు చెబుతున్న యువతీ యువకుల సమావేశంలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం.)



సీతారామపురం నుంచి, వరికుంటపాడు నుంచి, మర్రిపాడు నుంచి, అనంతసాగరం నుంచి రెండేసి బస్సులు మారి వచ్చినోళ్ళు ఉన్నారిక్కడ. పొద్దున ఏం తిని బయల్దేరారో, అసలు తిన్నారో లేదో. కాబట్టి ఎక్కువసేపు విసిగించను. అట్టా అంటానే గానీ అయ్యవార్లకు మైకు దొరికితే వదలరని మీకు తెలుసు.

మీరు నన్ను పిలిచింది మంచి పనికే. అందరూ చందాలు వేసుకున్నారు. కూలికి పోయినోళ్ళు కూడా ఒకరోజు కూలి తీసిచ్చారు. మన కాలనీల పిలకాయలు చదివే బడుల్లో ఫస్ట్, సెకండ్, థర్డ్ వచ్చినోళ్ళకు స్కూలు బ్యాగులు కొనిద్దామనుకున్నారు. బడుల నుంచి పేర్లు తెచ్చి లిస్టు రాసి నాకు వాట్సాప్‌లో పంపారు. ఆ లిస్టు చూసినప్పటి నుంచి మనసులో ఒకటే గుంజాటన. అందులో మన యానాది పిలకాయల పేర్లు, ఎరుకల పిలకాయల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టారా? ఒక చేతి వేళ్ళు చాలు. ఇంకా వేళ్ళు మిగుల్తాయి.

అంటే రేపు ఏమవుద్ది? మన చందాలతో, మన బ్యానర్ కింద సభ పెట్టి, మన పిలకాయల్ని ముందు వరసలో కింద కూర్చోబెట్టి, బ్యాగులు తీసుకునేవాళ్ళకు చప్పట్లు కొట్టిస్తాం. వాళ్ళకు చప్పట్లు కొట్టడం బాగా వచ్చు. ప్రతి ఏడాది ఆగస్టు పదిహేనుకు అదే పని.

ఫస్ట్ వచ్చిన పిల్లల మీద నాకేం కోపం లేదు. వాళ్ళూ పేదోళ్ళ పిల్లలే. నా బాధ వేరే. బహుమతి ఎందుకు పెడతాం? చదవని పిల్లను చదివించడానికి, రాని పిల్లను రప్పించడానికి. ఇప్పటికే వస్తున్న పిల్లకు, ఇంట్లో చదువు చెప్పే అమ్మానాన్న ఉన్న పిల్లకు ఇస్తే అది అభినందన. మంచిదే. కానీ దాంతో రాని పిల్ల వస్తుందని మాత్రం అనుకోవద్దు.

ఈ తప్పు నేనూ చేశాను. అదే చెప్తాను.

ఉద్యోగం వచ్చిన కొత్తలో ఉదయగిరి కొండ కనిపించే ఊరిబడిలో వేశారు నన్ను. అయిదు తరగతులు, ఒకే గది, వరండా. నాకు ఉత్సాహం ఎక్కువ. ట్రైనింగులో చెప్పిన ప్రకారం గోడకు పెద్ద చార్టు అంటించాను. పిల్లల పేర్లు వరసగా రాసి, బడికి వచ్చిన ప్రతిరోజూ పేరు పక్కన ఒక ఎర్ర నక్షత్రం. నెలకు ఇరవై నక్షత్రాలు వచ్చినోళ్ళకు పెన్సిలు, రబ్బరు. మొదటి నెల ఎంత సంబరమో! తలుపు తీయకముందే వచ్చి అరుగు మీద కూర్చునేవాళ్ళు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినాయన చార్టు చూసి నా భుజం తట్టిపోయాడు.

సంక్రాంతి దాటింది. మన కాలనీ జనం చిల్లకంప కొట్టి బొగ్గు కాల్చే పనికి పోయారు. పిలకాయల్ని ఎవరి దగ్గర వదిలిపెడతారు? ఎత్తుకుపోయారు. రెండున్నర నెలల తర్వాత తిరిగొచ్చారు. మూడో తరగతి పిల్ల ఒకతి, గోళ్ళల్లో ఇంకా బొగ్గుమసి ఉంది, వచ్చీ రాగానే నేరుగా చార్టు దగ్గరికి పోయింది. పేరు గుర్తుపట్టడం వచ్చు ఆ పిల్లకు. దాని మీద వేలు పెట్టి, ఆ వేలిని పక్కకు జరుపుకుంటూ పోయింది. అంతా ఖాళీ. పైన, కింద వరసల్లో మాత్రం ఎర్రగా నక్షత్రాలు. ఒక్క మాట అనలేదు. తర్వాత రెండు రోజులొచ్చింది. ఆ తర్వాత రాలేదు.

ఇంటికి పోయి అడిగితే వాళ్ళమ్మ ఏమందంటే, "అయ్యవారా, దానికి సిగ్గుగా ఉందంట."

నేను ఆ బడికి పోయింది మన పిలకాయల కోసమే అనుకునేవాణ్ణి. నేనూ యానాదోణ్ణే. నాకే తెలీకుండా ఆ పిల్ల సిగ్గును చార్టు కట్టి గోడకు తగిలించాను.

హాజరు గురించి ఇంకో మాట. మన తాతముత్తాతలకు హాజరు అనే మాట బడిలో పరిచయం కాలేదు, పోలీసు ఠాణాలో అయింది. నేరస్థ జాతుల చట్టం కింద పేరెక్కినోళ్ళు చెప్పిన వేళకు పోయి పేరు పలికి రావాలి. రాకపోతే శిక్ష. మన జిల్లాలోనే కావలిలో ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంటులో పెట్టిన చరిత్ర ఉంది. వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటివాళ్ళు దాని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952లో పోయింది. మా అవ్వ వయసు వాళ్ళకు రిజిస్టరు చూస్తేనే గుండె దడ. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చే పిల్లను "నువ్వు ఎన్ని రోజులు రాలేదో చూడు" అని గోడ మీద లెక్క చూపిస్తే రోషం వచ్చి వస్తుందా? తప్పించుకుని పోతుంది. మనోళ్ళకు అడవిలోకి తప్పుకోవడం వందల ఏళ్ళుగా తెలిసిన విద్య.

సరే, బహుమతులు పనిచేస్తాయా చేయవా అని ప్రపంచంలో చాలామంది పరిశీలించారు. మూడు సంగతులు చెప్తాను. పెద్ద పేర్లని భయపడొద్దు, విషయం చిన్నదే.

1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ దగ్గర ఒక నర్సరీ బడిలో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు ఒక పరీక్ష చేశారు. రంగు పెన్నులతో బొమ్మలేయడం ఇష్టమైన పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి ముందే చెప్పారు, బొమ్మలేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని. కొందరికి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. కొందరికి అసలేమీ ఇవ్వలేదు. కొన్నాళ్ళాగి చూస్తే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్ళతో పోలిస్తే సుమారు సగం సేపే బొమ్మలేశారు. తమంతట తాము ఇష్టపడి చేసే పని కాస్తా కూలి పని అయిపోయింది. కూలి ఆగింది, పని ఆగింది. ఇష్టంగా కథ వినే పిల్లకు కథ విన్నందుకు చాక్లెట్ ఇవ్వొద్దని నేను అందుకే అంటాను.

రెండోది కూడా అమెరికాలోదే. రోలాండ్ ఫ్రయర్ అనే నల్లజాతి ఆర్థికవేత్త పేద పిల్లల బడుల్లో డబ్బులిచ్చి చూశాడు. డల్లాస్ ఊళ్ళో రెండో తరగతి పిల్లలకు పుస్తకం చదివి, దాని మీద చిన్న క్విజ్ పాసైతే రెండు డాలర్లు. న్యూయార్క్‌లో మార్కులు బాగా వస్తే డబ్బు. డల్లాస్ పిల్లలకు చదివి అర్థం చేసుకోవడం మెరుగైంది. న్యూయార్క్‌లో పెద్దగా ఏమీ కాలేదు. ఎందుకంటే పుస్తకం చదవడం పిల్ల చేతిలో ఉన్న పని. కూర్చుంటే అయిపోద్ది. మార్కులు తెచ్చుకోవడం అట్టా కాదు. ఏం చేస్తే మార్కులు పెరుగుతాయో ఆ పిల్లలకు తెలీదు. డబ్బు మీద ఆశ ఉంది, దారి తెలీదు. మన లిస్టులో ఉన్న ఫస్ట్, సెకండ్ అంటే న్యూయార్క్ పద్ధతే. అది కూడా ముగ్గురికే. నలభై మంది ఉన్న తరగతిలో ముప్పై ఏడు మందికి జూన్ నెలలోనే తెలుసు ఆ బ్యాగు తమది కాదని.

మూడోది మన రాష్ట్రంలోదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేశారు, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ నడిపింది. ఇందులో బహుమతి పిల్లలకు కాదు, మాకు, అయ్యవార్లకు. పిల్లల మార్కులు సగటున 5 శాతం కంటే పైకి పెరిగితే, ఆపైన ఒక్కో శాతానికి 500 రూపాయలు బోనస్. రెండేళ్ళకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో, తెలుగులో బోనస్ లేని బడుల పిల్లల కంటే స్పష్టంగా ముందున్నారు. బోనస్ చూస్తే జీతంలో సగటున 3 శాతం అంతే. తమాషా ఏంటంటే అయ్యవార్లు బడికి ఎగ్గొట్టడం తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ చెప్పారు. హోంవర్కు ఇచ్చారు, అదనపు క్లాసులు పెట్టారు. (మా సంఘం నాయకులకు ఈ సంగతి చెప్తే నా మీదికి లేస్తారు. మాకు బోనస్ కావాలని నేను అడగటం లేదు, మైకు సాక్షిగా చెప్తున్నా.)

అందులో మనం నేర్చుకోవాల్సింది బోనస్ కాదు. ఆ లెక్కలో ఒక తెలివి ఉంది. బడి మానేసిన పిల్లకు సున్నా వేస్తారు. సగటు తీసేటప్పుడు ఆ సున్నా కూడా కలుస్తుంది. అంటే వెనకబడిన పిల్లను మెల్లగా బయటికి నెట్టేసి సగటు పెంచుకుందామంటే కుదరదు. ఆ పిల్ల పోతే అయ్యవారికే నష్టం. లెక్క వేసేటప్పుడే రాని పిల్లను లెక్కలో ఉంచారు. మన లిస్టులో ఆ పిల్ల లేదు. బొగ్గుబట్టీ కాడున్న పిల్ల ఏ లిస్టులోనూ లేదు.

సర్కారు ఇచ్చే ప్రోత్సాహకం సంగతి కూడా అంతే. 2020 జనవరిలో అమ్మ ఒడి మొదలైంది. తల్లి ఖాతాలో 15,000. ఇద్దరు పిల్లలున్నా ఒక తల్లికి ఒక్కసారే. షరతు 75 శాతం హాజరు. ఇప్పుడు తల్లికి వందనం, 2025 జూన్ నుంచి చదివే ప్రతి బిడ్డకూ లెక్క, బడి నిర్వహణకు రెండు వేలు పోను 13,000. మంచిదే, కాదనను. ఆ డబ్బుతో అప్పు తీర్చుకున్న తల్లులు నాకు తెలుసు. కానీ షరతు చూడండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు. అందులో 75 శాతం అంటే 150. మిగిలింది 50 రోజులు. బొగ్గుబట్టీ రెండున్నర నెలలు. అంటే ఎవరికి ఆ డబ్బు ఎక్కువ అవసరమో ఆ తల్లే షరతు కాడ ఆగిపోద్ది. దాన్ని దాటితే ఆధార్. ఆధార్ దాటితే బ్యాంకు ఖాతా. మన కాలనీల్లో పుట్టిన తేదీ కాగితమే లేని పిలకాయలు ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు. వాళ్ళను వెంటేసుకుని మీ సేవ చుట్టూ తిరిగింది మీరే.

కాబట్టి చందా డబ్బులో కొంత, నా మాట వింటే, ఆధార్ కోసం తిరిగే బస్సు చార్జీలకు పెట్టండి. అది బహుమతిలా కనపడదు. ఫోటో రాదు. ఫేస్‌బుక్‌లో పెట్టలేం.

ఇక తరగతి గదిలోకి వద్దాం. మీరు సాయంత్రాలు చెప్పే చోట ఏం చేయొచ్చు?

చార్టు చింపేశాక నేనేం చేశానో చెప్తా. ఒక మట్టికుండ తెచ్చాను. పక్కన చింతపిక్కల సంచి. ఎవరైనా ఒక పేజీ చదివి ఇంకొకరికి వినిపిస్తే కుండలో ఒక పిక్క వేయాలి. కుండ అందరిదీ. ఎవరి పేరూ ఉండదు. కుండ నిండిన శనివారం మధ్యాహ్నం బడి మొత్తం చెరువుగట్టుకు. ఆటలు, పాటలు, మరమరాలు. రెండు నెలలు రాని పిల్ల ఈరోజు వచ్చి ఒక పేజీ చదివినా ఆ పిక్కకు విలువ ఒకటే. నిన్నటి అప్పు లేదు.

వెంటనే మోసం మొదలైంది, దాచుకోను. మూడోరోజుకే కుండ సగానికొచ్చింది. నాకు ఆనందం. తర్వాత తెలిసింది, ఒకడు ఇంటి నుంచి జేబునిండా పిక్కలు తెచ్చి పోశాడని. వాణ్ణి తిట్టలేకపోయాను. చెరువుగట్టుకు పోవాలని వాడికి అంత ఆత్రం. ఇంకో ఇద్దరు ఒకే పేజీని రోజూ కంఠతా ఒప్పజెప్పి పిక్క వేస్తున్నారు. అప్పుడు నియమం మార్చాం. నేను మార్చలేదు, పిల్లలే కూర్చుని మార్చారు. వినేవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి, చదివినోళ్ళు జవాబు చెప్పాలి, అప్పుడే పిక్క. నేను చెప్పుంటే ఆ నియమం రెండు రోజులు నిలిచేది కాదు.

ఆ పిక్కలు తెచ్చినోడి గురించి ఇంకో మాట చెప్పాలి. నాలుగో తరగతి. పుస్తకంలో తీసివేత రాదు. వాళ్ళ నాయనతో ఎలకలు పట్టడానికి పోతాడు. ఒకరోజు బడి వెనక చేలో తిరుగుతూ, "సార్, ఈ బొక్కకు అయిదు దార్లున్నాయి, మూడు మూసేశాం, ఇంక రెండు కాడ పొగ పెట్టాల" అన్నాడు. ఐదులో మూడు పోతే రెండు! వెంటనే లోపలికి తీసుకుపోయి బోర్డు మీద బొక్కలు గీయించాను. ఆరోజు తరగతికి తీసివేత వాడే చెప్పాడు. బయట మాత్రం వాణ్ణి "ఎలకలోళ్ళ పిల్లోడు" అనేవాళ్ళు. ఆరోజు బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డప్పుడు వాడి మొహం చూడాల్సింది. అది కొనివ్వగలిగే బహుమతి కాదు. ఖర్చు సుద్దముక్క.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయ్యవారు ఎర్ర పెన్నుతో అరచేతిలో నక్షత్రం గీస్తే ఆ రాత్రి చెయ్యి కడుక్కోకుండా ఎడమచేత్తో తిని వాళ్ళమ్మ చేత తిట్లు తిన్న పిలకాయలు. ఆ నక్షత్రం ఎందుకంత గొప్ప? మన చెయ్యి అయ్యవారు పట్టుకున్నాడు, అందుకు. దూరంగా కూర్చోమన్న చోట, పలక తాకకుండా విసిరేసిన చోట, మన చెయ్యి పట్టుకుని గీత గీశాడు. నేను చదివిన బడిలో, ఊరిపేరు చెప్పను, మమ్మల్ని వెనక కిటికీ కింద కూర్చోబెట్టేవాళ్ళు. బడి ఊడ్చే పని, కుండకు నీళ్ళు మోసే పని మాది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, కులం పెట్టి పిలిచేవాళ్ళు. అయినా పోయేవాణ్ణి. ఎందుకంటే మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవాళ్ళు. నిజం చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నా చదువుకు మొదటి ప్రోత్సాహకం ఆ ఉప్మానే. అక్షరం తర్వాత వచ్చింది.

అన్నం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశమిచ్చింది. మన రాష్ట్రంలో 2003 నుంచి మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. తర్వాత గుడ్డు వచ్చింది, చిక్కీ వచ్చింది, 2023లో రాగిజావ వచ్చింది. పథకం పేర్లు ప్రభుత్వం మారినప్పుడల్లా మారతాయి, గుడ్డు మాత్రం గుడ్డే. మీరు సాయంత్రం చదువులకు పోయినప్పుడు పిలకాయల్ని అడగండి. ఈరోజు గుడ్డు పెట్టారా? ఎంత గుడ్డు? అందరితోపాటే కూర్చోబెట్టారా, పక్కన కూర్చోబెట్టారా? కులం పేరుతో ఎవరన్నా పిలిచారా, కొట్టారా? పిల్లల్ని కొట్టడం, మనసు నొప్పించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. మీ నోటుబుక్కులో తేదీ వేసి రాసుకోండి. ఇటుపక్క బహుమతి ఇచ్చి అటుపక్క అవమానం జరగనిస్తే పిల్ల దేన్ని గుర్తుపెట్టుకుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు.

ఇక మనం కొనబోయే బ్యాగుల సంగతి. బ్యాగులు వద్దనటం లేదు. కొందాం. కాకపోతే పోటీ పెట్టి ఇవ్వొద్దు. బడి తెరిచే జూన్‌లో కాలనీలో ప్రతి పిల్లకూ ఇద్దాం. డబ్బు చాలకపోతే బ్యాగు బదులు పలక, నోటుబుక్కు ఇద్దాం, అందరికీ ఒకేలాంటివి. మిగిలిన డబ్బుతో కథల పుస్తకాలు కొని ప్రతి కాలనీలో ఒక పెట్టె పెడదాం. సీజనుకు బొగ్గుబట్టీకి పోయే కుటుంబంతో ఆ పెట్టెలోంచి నాలుగు పుస్తకాలు, చింతపిక్కల సంచి పంపుదాం. మీలో ఒకరు పదిహేను రోజులకోసారి బట్టీ కాడికి పోయి రావాలి. అక్కడ పిల్ల చదివిన పేజీకి పిక్క లెక్క రాసుకొస్తే, ఊళ్ళో కుండలో వేస్తాం. తిరిగొచ్చిన రోజు ఆ పిల్ల వేలుపెట్టి చూసుకునే ఖాళీ గడి ఉండదు.

నా కుండ ఏమైందని అడుగుతారేమో. మూడో ఏడాది పగిలిపోయింది. కోతి తోసింది. కొత్తది తెద్దామనుకుంటూ నేను బద్ధకించాను. నెలరోజుల తర్వాత చూస్తే సగం మంది పిక్కలు లేకుండానే ఒకరికొకరు చదివి వినిపించుకుంటున్నారు. సగం మంది మానేశారు. మానేసినోళ్ళ కోసం ఇంకో కుండ కొన్నాను.

ఆ మూడో తరగతి పిల్లను రెండేళ్ళ తర్వాత ఆత్మకూరు బస్టాండులో చూశాను. వాళ్ళమ్మతో నెల్లూరు బస్సు ఎక్కుతోంది. పలకరిస్తే నవ్వింది. బడికి రమ్మన్నాను. "చార్టు ఉందా సార్?" అనడిగింది. లేదన్నాను. బస్సు కదిలింది.

మరి, ఆ లిస్టు ఎవరి దగ్గరుంది? ఇటివ్వండి. భోజనాలయ్యాక అందరం కూర్చుని కాలనీలవారీగా పేర్లు మళ్ళీ రాద్దాం. ఊళ్ళో లేనివాళ్ళ పేర్లు ముందు రాద్దాం.